హోర్డింగ్ అనే మాట ఎక్కడిది? తరచుగా అడిగే ప్రశ్నలు

సినిమా హోర్డింగ్, ప్లాట్లమ్మే హోర్డింగ్, నాయకుడి పుట్టినరోజు హోర్డింగ్... రోజుకు పదిసార్లు వాడే మాట ఇది. పుట్టినప్పుడు ఈ మాట ప్రకటనలది కాదు, యుద్ధానిది. ఆ సంగతి చెప్పగానే కొందరు నవ్వేస్తారు, కొందరు వరసబెట్టి ప్రశ్నలు వేస్తారు. అలా పోగైన ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఒకచోట పెట్టాను.

హోర్డింగ్ అంటే అసలు ఏమిటి?

మధ్యయుగాల ఐరోపాలో కోట గోడ నెత్తిన, బయటి వైపుకి పొడుచుకొచ్చేలా కట్టిన చెక్క వసారా. పైన వాలు కప్పు, ముందు పలకల అడ్డు, కింద పలకల నేల. శత్రువు కోటను ముట్టడించినప్పుడు సైనికులు అందులో నిలబడి బాణాలు వేసేవాళ్లు, కిందికి రాళ్లు దొర్లించేవాళ్లు.

మనకు తెలిసిన వస్తువుతో చెప్పాలంటే అది మంచె. జొన్నచేలో నాలుగు గుంజలు పాతి, పైన కర్రలు పరిచి, దాని మీద నిలబడి వడిసెలతో పిట్టల్ని తోలతారు చూడండి, ఆ మంచె. దాన్ని చేలోంచి తీసుకెళ్లి కోట గోడ మీద, సగం గాల్లో వేలాడేలా బిగించారనుకోండి. అదే హోర్డింగ్.

ప్రకటనల బోర్డు అనే ఇప్పటి అర్థం ఆ మాటకు మూడోది. మధ్యలో ఇంకొకటి ఉంది. దాని దగ్గరికి తర్వాత వద్దాం.

గోడ మీద నిలబడి కొట్టొచ్చు కదా? బయటికి ఎందుకు కట్టడం?

ఓసారి మీ డాబా ఎక్కి పిట్టగోడ దగ్గర నిలబడండి. ఎదురింటి గేటు కనిపిస్తుంది, వీధి మలుపు కనిపిస్తుంది. సరిగ్గా మీ గోడ మొదట్లో, గోడకు ఆనుకుని ఉన్న పూలకుండీ మాత్రం కనిపించదు. దాన్ని చూడాలంటే పిట్టగోడ మీంచి నడుం దాకా వంగాలి. "ఒరేయ్, పడతావు" అని లోపల్నుంచి కేక వినబడేది అప్పుడే.

కోట కాపలావాడి కష్టం కూడా ఇదే. దూరంగా ఉన్న శత్రువు మీద బాణం వేయగలడు. గోడ కిందికి చేరి గడ్డపారతో రాళ్లు పెకలిస్తున్నవాణ్ణి కొట్టాలంటే ఒళ్లంతా బయటికి వంచాలి. అలా వంగినవాణ్ణి పడగొట్టడానికే అవతల విలుకాళ్లు కాచుకుని ఉంటారు. అంటే కోటకు అన్నిటికన్నా ప్రమాదకరమైన చోటు గోడ మొదలే, కాపలావాడి కంటికి ఆననిదీ అదే.

హోర్డింగ్ వచ్చాక కాపలావాడు వంగాల్సిన పని లేకపోయింది. నిలబడ్డ నేలే గోడ దాటి ముందుకు వచ్చింది. నేల పలకల మధ్య సందులు వదిలారు. ఆ సందులోంచి నిటారుగా కిందికి రాయి వదిలితే గడ్డపార పట్టుకున్నవాడి నెత్తినే పడుతుంది. ముందు పలకల్లో బాణాలకు చీలికలు ఉంటాయి. గోడ పొడవునా అటూ ఇటూ పరిగెత్తొచ్చు, బయటివాళ్లకు మనిషి కనబడడు.

దాన్ని గోడకు ఎలా నిలబెట్టేవాళ్లు?

పాత కోటల ఫొటోలు చూసేటప్పుడు గోడ పైఅంచుకు కాస్త కింద, ఒకే వరసలో, సమాన దూరంలో చదరపు కన్నాలు కనిపిస్తే ఒక్క నిమిషం ఆగండి. పావురాలు గూళ్లు పెట్టుకున్నాయి కాబట్టి అవి పావురాల కోసమే అనుకుంటాం. చాలాచోట్ల అవి హోర్డింగ్ దూలాలు దూర్చిన కన్నాలు. (అన్నీ కావు. మన మేస్త్రీలు ఎత్తున నిలబడి కట్టడానికి గోవ కర్రలు గోడలో దూర్చి, పని అయ్యాక తీసేసినట్టే, వాళ్లు వదిలేసిన గోవ కన్నాలు కూడా ఉంటాయి. గోడ అంతటా పైనుంచి కింది దాకా ఉంటే గోవవి, పైన ఒక్క వరసే ఉంటే హోర్డింగ్‌వి అని ఒక మోటు లెక్క.)

ఆ కన్నాల్లోంచి దూలాల్ని బయటికి తోసి, వాటి మీద నేల పలకలు పరిచి, ముందు అడ్డు నిలబెట్టి, పైన కప్పు వేసేవాళ్లు. గోడ మీద పళ్ల వరసలా లేచిన దిమ్మెల మధ్య ఖాళీలే లోపలికి వెళ్లే ద్వారాలు. మామూలు రోజుల్లో విప్పి లోపల దాచుకోవచ్చు. ముట్టడి వస్తుందన్న కబురు అందితే వడ్రంగులు రాత్రింబవళ్లు కూర్చుని బిగించేవాళ్లు. మన పెళ్లిపందిరి లాంటిదే. గుంజలూ తాళ్లూ ఎక్కడున్నాయో ఇంటివాడికి గుర్తుండాలి, అంతే.

కొన్ని కోటల్లో మాత్రం తాత్కాలికం అనుకుని కట్టినదాన్ని విప్పకుండా అలాగే ఉంచేశారు.

చెక్క కదా, నిప్పు పెడితే?

అంటుకుంటుంది. అసలు చెక్కకోట శత్రువు చేసే మొదటి పని అదే. 11వ శతాబ్దంలో ఉత్తర ఫ్రాన్సు నుంచి ఇంగ్లండు మీదికి వెళ్లిన నార్మన్ల దండయాత్రను బట్ట మీద కుట్టి చూపిన ప్రసిద్ధమైన కుట్టుపని ఫ్రాన్సులోని బాయో పట్టణానిది. అందులో దినాన్ కోట దగ్గర ఇద్దరు మనుషులు చెక్క గోడకు కాగడాలు ఆనించి అంటిస్తుంటారు. వెయ్యేళ్ల కిందటి సూదీదారం, కానీ ఆ కాగడాల్లో తొందర ఇప్పటికీ కనబడుతుంది.

హోర్డింగుకు నిప్పంటకుండా పచ్చి తోళ్లు తడిపి కప్పేవాళ్లు. కొంత పనిచేసేది. రాళ్లు విసిరే పెద్ద యంత్రాలు బలపడ్డాక మాత్రం ఒక్క దెబ్బకు పలకలు చీలిపోయేవి. దాంతో 13, 14 శతాబ్దాల్లో ఇదే పనిని రాతితో చేయడం పెరిగింది. గోడలోంచి రాతి మొలలు బయటికి పెట్టి, వాటి మీద రాతి పిట్టగోడ లేపి, మధ్యలో కిందికి కన్నాలు వదిలారు. దక్కను కోటల్లో గోడకు పెట్టెలా అతుక్కుని బయటికి పొడుచుకొచ్చిన రాతి గూళ్లు చూస్తే, అవి చేసే పని కూడా ఇదే.

అక్కణ్నుంచి మరుగుతున్న నూనె పోసేవాళ్లట కదా?

కోటల్లో గైడ్లకు ఇష్టమైన కథ ఇది. నూనె ఖరీదు ఎంతో వంటింట్లో ఉన్నవాళ్లకు తెలుసు. ముట్టడిలో తిండికే కటకట. రాళ్లు, వేడినీళ్లు, కాల్చిన ఇసుక, సున్నం చవక. ఎక్కువగా పడింది రాళ్లే.

అలాంటి చెక్క హోర్డింగ్‌ను ఇప్పుడు ఎక్కడ చూడొచ్చు?

ఫ్రాన్సు దక్షిణాన కార్కాసోన్ కోటలో. అయితే అది అసలుది కాదు. 1853లో మొదలైన పునరుద్ధరణ పనుల్లో వియోలే-ల్-ద్యూక్ అనే వాస్తుశిల్పి ఆ కోటకు ఇప్పుడున్న రూపం ఇచ్చాడు. అక్కడి హోర్డింగులు పాత కన్నాల ఆధారంగా మళ్లీ కట్టినవి. ఆయన ఊహ ఎక్కువైందని తిట్టినవాళ్లు ఉన్నారు. నా మట్టుకు నాకు, కన్నాలు చూసి వస్తువును ఊహించడం కన్నా వస్తువును చూసి కన్నాలను అర్థం చేసుకోవడమే తేలిక. 1997లో యునెస్కో ఆ కోటనగరాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

వేల్స్‌లోని కేర్‌ఫిల్లీ కోటలోనూ ఇలా మళ్లీ కట్టిన హోర్డింగ్ ఉంది. నిజంగా పాత చెక్కే చూడాలంటే పడమటి ఫ్రాన్సులోని లావాల్ కోటకు వెళ్లాలి. అక్కడి గుండ్రటి బురుజు మీద 13వ శతాబ్దపు హోర్డింగ్ టోపీ పెట్టినట్టు ఇంకా నిలిచి ఉంది. చెక్క అన్నేళ్లు నిలవడం అరుదు.

సరే, మాట ఎక్కడ పుట్టింది?

ఇదే అసలు ప్రశ్న. జవాబు తడికలో ఉంది.

పాత ఫ్రెంచిలో ఈ చెక్క వసారాను హూర్డ్ అనేవాళ్లు. (ఇప్పటి ఫ్రెంచివాళ్లు మొదటి అక్షరం, చివరి అక్షరం మింగేసి "ఊర్" అంటారు. మన ఊరికీ దానికీ ఏ సంబంధమూ లేదు.) ఫ్రెంచికి ఆ మాట జర్మానిక్ తెగవాళ్లయిన ఫ్రాంకుల నుంచి వచ్చింది. వాళ్ల భాషలో దాని అర్థం కొమ్మలూ రెమ్మలూ అల్లి చేసిన అడ్డు. అచ్చంగా మన తడిక, దడి. కోట, యుద్ధం అప్పటికింకా ఆ మాటలోకి రాలేదు.

అదే కుదురులోని మాటలు మిగతా జర్మానిక్ భాషల్లో ఏమయ్యాయో చూస్తే ముచ్చటేస్తుంది. జర్మన్‌లో హ్యూర్డె అంటే గొర్రెల దొడ్డి అడ్డు. పాత నార్స్‌లో, గోతిక్‌లో ఇదే మాటకు అర్థం తలుపు. అడ్డుకీ తలుపుకీ ఒకే మాట ఏమిటని నగరంలో పెరిగినవాళ్లు అడగొచ్చు. పల్లెలో పాకలు చూసినవాళ్లు అడగరు. పాకకు తలుపంటే తడికే. తాటాకుతోనో వెదురు బద్దలతోనో అల్లి, ఒక పక్క గుంజకు తాడుతో కట్టేస్తే పగలు పక్కకు లాగుతారు, రాత్రి అడ్డం పెడతారు. కంచెకు కట్టినా తడికే, గుమ్మానికి కట్టినా తడికే.

ఈ తడిక మాట ఫ్రెంచిలో కోట గోడ ఎక్కి, నార్మన్లతో పాటు ఇంగ్లండు చేరింది. అక్కడ ఇంగ్లిషు తోక "ఇంగ్" తగిలించుకుని హోర్డింగ్ అయింది.

అయితే పరుగుపందెంలో హర్డిల్ కూడా దీని చుట్టమేనా?

సొంత చెల్లెలు. పాత ఇంగ్లిషులో హర్డిల్ అంటే చిన్న తడిక. గొర్రెలను ఒకచోట ఉంచడానికి పొలంలో పెట్టే కదిలే అడ్డు. వాటి మీంచి దూకడం ఆటగా మారింది 19వ శతాబ్దంలో.

ఇంకాస్త వెనక్కి వెళ్తే లాటిన్‌లో క్రాతిస్ అనే మాట కనిపిస్తుంది. దాని అర్థం కూడా అల్లిన తడికే. జర్మానిక్ మాటకూ దానికీ ముత్తాత ఒకడే. క్రాతిస్ నుంచి వచ్చినవే గ్రిల్, గ్రిడ్. అంటే మీ ఇంటి కిటికీ గ్రిల్లు, కరెంటు గ్రిడ్డు, రోడ్డు మీది హోర్డింగు, స్టేడియంలోని హర్డిల్... నాలుగూ ఒకే తడికలోంచి ఊడిన పుల్లలు. సంస్కృతంలో "వడుకుతాడు" అనే అర్థం ఉన్న కృణత్తి అనే క్రియాపదాన్ని కూడా భాషావేత్తలు ఈ అల్లిక కుటుంబంలోనే చేరుస్తారు.

మన దేశంలో ఇలాంటి చెక్క నిర్మాణాలు ఉండేవా?

ఉండేవి, అదీ ఐరోపా కోటలకన్నా వెయ్యేళ్లకు పైగా ముందు.

క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో చంద్రగుప్త మౌర్యుడి కొలువుకు వచ్చిన గ్రీకు రాయబారి మెగస్తనీస్ పాటలీపుత్రం గురించి రాశాడు. ఆయన రాసిన పుస్తకం పోయింది, తర్వాతి గ్రీకు రచయితలు ఎత్తి రాసుకున్నవి మిగిలాయి. వాటి ప్రకారం నగరం చుట్టూ చెక్క గోడ, అందులో బాణాలు వేయడానికి కన్నాలు, 570 బురుజులు, 64 ద్వారాలు, బయట కందకం. లెక్కలో కాస్త ఉప్పూకారం ఉండొచ్చు. చెక్క గోడ మాత్రం కల్పన కాదు. 20వ శతాబ్దం మొదట్లో పాట్నా దగ్గర బులందీబాగ్‌లో తవ్వితే నేలలో పాతిన భారీ దుంగల వరసలు బయటపడ్డాయి.

కౌటిల్యుడి అర్థశాస్త్రానికి మాత్రం చెక్క గోడ గిట్టదు. దుర్గం ఎలా కట్టాలో చెప్పే అధ్యాయంలో ప్రాకారం రాతితో కట్టమంటుంది, చెక్కతో మాత్రం వద్దంటుంది. కారణం ఒక్క వాక్యంలో ఇస్తుంది: "అగ్నిరవహితో హి తస్మిన్ వసతి." అగ్ని దానిలో పొంచి కాపురం ఉంటుందట. ఫైర్ సేఫ్టీ గురించి ఇంతకన్నా పొట్టిగా, ఇంతకన్నా బాగా చెప్పిన వాక్యం నేను చదవలేదు.

ఇక అసలు విశేషం. అదే అధ్యాయంలో, అట్టాలకానికీ ప్రతోళికీ మధ్య, అంటే కోట గోడ మీది బురుజుకూ ద్వారం మేడకూ నడుమ, ఇంద్రకోశం అనేది ఒకటి కట్టించమని ఉంది. అదేమిటంటే ముగ్గురు విలుకాళ్లు పట్టే చోటు. పలకలు కూర్చి చేసినది, ఆ పలకలకు కన్నాలు, కన్నాలకు మూతలు. ఇది హోర్డింగ్ కాకపోతే మరేమిటి? గోడ చెక్కతో కట్టొద్దన్న పుస్తకమే, గోడ మీది గూడుకు చెక్క పలకలే వాడమంది. గోడ కాలితే కోట పోతుంది. గూడు కాలితే మళ్లీ కట్టుకోవచ్చు.

ఆ మూతల సంగతి నాకు భలే నచ్చింది. బాణం వేయాలంటే మూత తీయాలి, వేశాక మూసేయాలి. లేకపోతే మన కన్నంలోంచే ఎదుటివాడి బాణం లోపలికి వస్తుంది. ఇది రాసినవాడో, వాడికి చెప్పినవాడో ఆ పలకల వెనక ఒక్కసారైనా నిలబడి ఉంటాడు.

తెలుగు నేల మీది కోటల్లో?

ఇక్కడ మట్టీ రాయీ రాజ్యమేలాయి. ఓరుగల్లునే తీసుకోండి. లోపల రాతికోట, దాని బయట మట్టికోట. 1310లో మాలిక్ కాఫూర్ సైన్యం ముట్టడించినప్పటి సంగతులు రాసిన అమీర్ ఖుస్రో ఆ మట్టిగోడ గట్టితనాన్ని చెబుతూ, ఉక్కు బల్లెం కూడా దిగదన్నాడు. యంత్రంతో విసిరిన రాయి తగిలితే పిల్లలు ఆడుకునే కాయలా ఎగిరి వెనక్కి పడుతుందన్నాడు. కవి కాబట్టి కాస్త పెంచి ఉంటాడు, కానీ శత్రువు పక్షం కవి పెంచి చెప్పాడంటే గోడలో సత్తా ఉన్నట్టే.

చెక్క వాడింది ఎక్కువగా ద్వారాలకు. ఏనుగు తలతో కుమ్మకుండా ఇనుప మేకులు దిగ్గొట్టిన తలుపులు గోల్కొండలో ఇప్పటికీ చూడొచ్చు.

యుద్ధం మాట ప్రకటనల మాట ఎలా అయింది?

తుపాకిమందు వచ్చాక ఇలాంటి ఎత్తైన కోటగోడలకే విలువ పోయింది. హోర్డింగ్ అవసరమూ పోయింది. మాట మాత్రం కట్టుబడి పనివాళ్ల నోట్లో బతికింది. భవనం కట్టేటప్పుడు దారినపోయే వాళ్ల మీద ఇటుకలు పడకుండా, రాత్రిపూట సామాను పోకుండా చుట్టూ పెట్టే పలకల కంచెను ఇంగ్లండులో హోర్డ్ అనీ, 1820ల నాటికి హోర్డింగ్ అనీ అన్నారు. ఇదే ఆ మధ్య అర్థం. బ్రిటన్‌లో, సింగపూర్‌లో సైటు ఇంజినీరుతో "హోర్డింగ్" అంటే ఇప్పటికీ ఆయనకు ముందు తట్టేది ఈ కంచే.

తర్వాతి కథ ఊహించడం కష్టం కాదు. నగరం నడిబొడ్డున, జనం తిరిగే చోట, నున్నటి పలకల గోడ. పైగా ఎవడి సొంత ఇల్లూ కాదు. పోస్టర్లు అంటించేవాడికి అంతకన్నా ఏం కావాలి? 19వ శతాబ్దపు లండన్‌లో బ్రష్షూ జిగురు బకెట్టూ పట్టుకున్నవాళ్లు రాత్రికి రాత్రే ఒకళ్ల పోస్టరు మీద ఇంకొకళ్లు అంటించుకుంటూ పోయారు. ఈ పోటీ ముదిరి, చివరికి కంచె మీది చోటును అద్దెకివ్వడం వ్యాపారమైంది. ఆ తర్వాత వెనక కట్టే భవనం లేకుండానే ప్రకటన కోసమే పలకలు నిలబెట్టారు. మాట కంచెను వదిలి ప్రకటనకు అతుక్కుంది. "స్టిక్ నో బిల్స్" అని మన గోడల మీద ఇప్పటికీ కనిపించే హెచ్చరిక ఆ పోస్టర్ల యుద్ధం నాటి భాషే. దాని పక్కనే నాలుగు పోస్టర్లు అంటించి ఉండటం కూడా ఆనవాయితీయే.

మా వీధి చివర ఒక అపార్ట్‌మెంటు కడుతున్నప్పుడు చుట్టూ నీలం రేకులు పాతారు. నెల తిరక్కుండా ఆ రేకుల మీద కోచింగ్ సెంటర్ ర్యాంకులు, డ్రైవింగ్ స్కూల్ ఫోన్ నంబరు, "గది అద్దెకు" కాగితం. ఒక రేకు అంచు వంగి ఉంటే పిల్లలు దాంట్లోంచి లోపలి గొయ్యి చూసేవాళ్లు. మాటకున్న రెండో అర్థం, మూడో అర్థం రెండూ ఆ నీలం రేకు మీదే కనబడ్డాయి. పిల్లలు కన్నంలోంచి తొంగి చూడటం కూడా లెక్కలోకి తీసుకుంటే మొదటిదీ ఉన్నట్టే.

అమెరికావాళ్లు బిల్‌బోర్డ్ అన్నారు కాబట్టి వాళ్లకు ఈ గొడవ లేదు. మనకు ఇంగ్లిషు వచ్చింది బ్రిటన్ నుంచి, అందుకే హోర్డింగ్ అంటున్నాం. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు అక్కడి స్నేహితుడితో "ఆ హోర్డింగ్ దగ్గర ఎడమకు తిరుగు" అంటే అతను అయోమయంగా చూడటానికి కారణం ఇదే.

సరుకులు దాచిపెట్టడాన్ని కూడా హోర్డింగ్ అంటారు కదా? అది ఇదేనా?

కాదు. పలకడం ఒకటే, పుట్టుక వేరు. ఉల్లిపాయల ధర పెరిగినప్పుడు పేపర్లో చదివే ఆ హోర్డింగ్, నిధి అనే అర్థం ఉన్న పాత ఇంగ్లిషు మాటలోంచి వచ్చింది. దాచిన సొమ్ము, దాచడం, అక్రమంగా దాచడం... అలా సాగింది.

ఇంకో హోర్డ్ కూడా ఉంది. గుంపు, దండు అనే అర్థంలో ఇంగ్లిషు చరిత్ర పుస్తకాల్లో మంగోలుల గురించి చెప్పేటప్పుడు వస్తుంది. అది తురుష్క భాషల నుంచి వచ్చిన మాట, దాని మూలార్థం సైనిక విడిది. హైదరాబాదువాళ్లకు ఇది బాగా తెలిసిన మాటే. ఉర్దూ అనే భాష పేరు కూడా అందులోంచే వచ్చింది. మూడు హోర్డ్‌లు తెలుగులో రాస్తే ఒకేలా కనబడతాయి, చుట్టరికం మాత్రం లేదు.

చెక్కకోటల్లోంచి వచ్చి వేషం మార్చిన మాటలు ఇంకేమైనా ఉన్నాయా?

బోలెడు. నాకు ఇష్టమైనది బులెవార్డ్. గేటెడ్ కమ్యూనిటీ బ్రోచర్లలో రెండు వైపులా చెట్లున్న వెడల్పాటి రోడ్డుకు పెట్టే పేరు. దాని మూలం బోల్‌వెర్క్ అనే పాత డచ్చి మాట. బోల్ అంటే దుంగ, వెర్క్ అంటే పని. దుంగలతో కట్టిన అడ్డుగోడ. ఇంగ్లిషులో అది బుల్వార్క్ అయింది, ఫ్రెంచిలో బులెవార్డ్. 1670లో 14వ లూయీ పారిస్ చుట్టూ ఉన్న గోడలు తీసేయించి, ఆ చోట చెట్లు నాటించి జనం నడిచే దారులు వేయించాడు. గోడ పోయింది, గోడ పేరు రోడ్డుకు మిగిలింది.

బ్రాటిస్ ఇంకొకటి. ఇదైతే హోర్డింగుకు జోడీ మాటే, కోట మీది చెక్క గూడుకు పేరు. అది బొగ్గు గనుల్లోకి దిగింది. భూగర్భ గనిలో గాలి వెళ్లే దారిని మళ్లించడానికి కట్టే అడ్డును బ్రాటిస్ అంటారు. మొదట పలకలతో కట్టేవాళ్లు, తర్వాత గుడ్డతో. సింగరేణి ప్రాంతంలో గనిలో దిగి పనిచేసినవాళ్లను అడగండి, కోట సంగతి తెలియకపోయినా బ్రాటిస్ అంటే ఏమిటో చెబుతారు.

పాలిసేడ్, స్టాకేడ్ రెండూ గుంజ పాతడం అనే భావంలోంచే వచ్చాయి. మొదటిది లాటిన్ గుంజ, రెండోది స్పానిష్ మీదుగా వచ్చిన గుంజ.

హుర్డీ బ్లాకులు అని వింటుంటాం. వాటికి దీనితో సంబంధం ఉందా?

ఉంది, దీని గురించి ఎవరూ అడగరనుకున్నాను. బెంగళూరు, కేరళ, పుదుచ్చేరి వైపు ఇల్లు కట్టుకున్నవాళ్లకు తెలుస్తుంది. కాల్చిన మట్టితో చేసిన బోలు దిమ్మెలు, దూలాల మధ్య పేర్చి పైకప్పు వేస్తారు. ఆరోవిల్‌లో వీటి వాడకం బాగా కనిపిస్తుంది. ఆ పేరు ఫ్రెంచి "ఊర్ది" నుంచి వచ్చింది. మొదట దూలాల మధ్య ఖాళీని తడికతో, మట్టితో పూడ్చే పనికి ఆ పేరుండేది, తర్వాత అక్కడ పెట్టే దిమ్మెకు అంటింది. అది పాత హూర్డ్ కూతురే. ఒకే తడిక మాట రెండు దారుల్లో మన దగ్గరికి వచ్చిందన్నమాట. ఇంగ్లిషు దారిలో రోడ్డు మీదికి, ఫ్రెంచి దారిలో ఇంటి కప్పు మీదికి.

ఇప్పటి హోర్డింగుల్లో చెక్క ఉందా?

దాదాపు లేదు. ఇనుప చట్రం, దాని మీద లాగి కట్టిన ఫ్లెక్సీ. (ఫ్లెక్సీ అంటే ఆ ప్లాస్టిక్ గుడ్డ, హోర్డింగ్ అంటే అది కట్టిన నిర్మాణం. మాటల్లో రెండూ కలిపేస్తాం, మునిసిపాలిటీ పన్ను కాగితాల్లో కలపరు.)

తేలిక చెక్క పోయి ఇనుము వచ్చాక కొలతలకు అదుపు లేకుండా పోయింది. 2024 మే 13న ముంబయిలోని ఘాట్‌కోపర్‌లో ఈదురుగాలికి పెట్రోలు బంకు మీద కూలిన హోర్డింగ్ 120 అడుగుల పొడవు, 120 అడుగుల వెడల్పు. 17 మంది చనిపోయారు. గాలికి ఎదురు నిలబెట్టిన అంత పెద్ద పలక తెరచాపతో సమానం. తెరచాపకైతే పడవ కదులుతుంది, హోర్డింగుకు కదిలే వీలు లేదు.

కోట మీది హోర్డింగును తెలుగులో ఏమనాలి?

అనువాదకులు అడిగే ప్రశ్న ఇది. "హోర్డింగ్" అని రాస్తే చదివేవాడికి సినిమా బోర్డు కళ్లముందుకు వస్తుంది. "చెక్క ప్రాకారం" అంటే తప్పు, అది గోడ కాదు. నేనైతే "గోడమంచె" అంటాను. పాఠకుడికి రెండో వాక్యం అవసరం లేకుండా అర్థమవుతుంది. సంస్కృతం ఇష్టపడేవాళ్లు నిస్సంకోచంగా "ఇంద్రకోశం" వాడుకోవచ్చు, మాట పాతదే, పని అదే. ప్రకటనల బోర్డును మాత్రం హోర్డింగ్ అనే అనండి. "ప్రకటన ఫలకం" అని ఆటోవాడికి చెప్పి చూడండి, ఎక్కడ దింపుతాడో.

హోర్డింగ్ వెనక ఏముంటుంది?

మా అమ్మాయి చిన్నప్పుడు అడిగింది ఇది. ఇద్దరం ఒక సాయంత్రం వెళ్లి చూశాం. వెనక రంగు వేయని ఇనుప పట్టీలు, తుప్పు, కాకిగూడు, పైదాకా సన్నటి నిచ్చెన. పాత సినిమా దించి కొత్తది కడుతున్నారు. పట్టీల మీద అడ్డంగా వేసిన ఒక చెక్క పలక మీద ఒకతను నిలబడి, పళ్లతో తాడు కొస పట్టుకుని ఫ్లెక్సీ అంచులోని కన్నంలోంచి దారం దూరుస్తున్నాడు. కింద ఇంకొకతను తల పైకెత్తి "ఎడమకు లాగు, ఎడమకు" అని అరుస్తున్నాడు. పైనున్నతను పలక సందులోంచి కిందికి చూసి "జరగండమ్మా, తాడు పడుద్ది" అన్నాడు. జరిగాం. తాడు సరిగ్గా మేం నిలబడ్డ చోటే పడింది.